దండెం మీద నలభై అంగీలు

సికింద్రాబాదు,
20 అక్టోబరు 1948

ఎల్లేశం అన్నకు ఖుద్దూస్ సలాములు. బక్కమ్మ వదినను అడిగానని చెప్పు.

ఊళ్ళు విడిచి వస్తున్న జనంతో ఈ పట్నం ఉబ్బిపోతోంది. వారానికో బస్తీ లేస్తోంది. పాతబట్టలకు గిన్నెలిచ్చే నా వ్యాపారం మూడు గంపలు, ఆరు మూటలుగా ఉంది. పోలీస్ యాక్షన్ తర్వాత రజాకార్లు తొడిగిన ఖాకీ బట్ట ఎవరూ ఇంట్లో ఉంచుకోవడం లేదు. గిన్నె కూడా అడగకుండా గంపలో పడేసి పోతున్నారు. ఎవరిని అడిగినా రజాకార్లను చూడనే లేదంటారు. ఆలేరు స్టేషనుకు నలభై ఖాకీ అంగీలు పంపాను. చలికాలానికి బొంతలు కుట్టి పంపు.

నీ తమ్ముడు ఖుద్దూస్

తా.క. జేబుల్లో కాగితాలుంటే చదవకుండా పొయ్యిలో వెయ్యి.

---

ఆలేరు,
28 అక్టోబరు

తమ్ముడు ఖుద్దూస్‌కు ఎల్లేశం దీవెనలు.

మూట అందింది. ఎవరి ఒంటి మీదివో తెలియని బట్టలను ఉడకబెట్టి ఆరేయనిదే మీ వదిన నన్ను సూది ముట్టనివ్వదు కదా. నలభై అంగీలూ దండెం మీద ఆరేసింది. దారిన పోతున్న మిలటరీ లారీ ఆగింది. జమేదారు అంగీలు లెక్కపెట్టి, నలభై మంది రజాకార్లను ఎక్కడ దాచావని పట్వారీ చేత అడిగించాడు.

"బట్టలే వచ్చినయి సారూ, మనుషులు రాలే" అన్నాను. నమ్మలేదు. గడ్డివామంతా పొడిచి చూశారు.

ఇట్లు, గడ్డి ఏరుకుంటున్న నీ అన్న

తా.క. గడ్డివాముకు నలుగురు సిపాయిలు కాపలా. మా కోళ్ళు ఏడుండేవి, ఐదున్నాయి.

---

సికింద్రాబాదు,
3 నవంబరు

అన్నా, సలాం.

నీకు దాచిన మాట ఒకటుంది. ఆ నలభైలో ఒక అంగీ నాదే. బస్తీవాళ్ళ బలవంతానికి రజాకారుగా రెండు నెలలు అది తొడుక్కుని వీధి మూల నిలబడ్డాను. ఈగను కూడా కొట్టలేదు. ధోబీ దగ్గర మారిపోకూడదని నా భార్య జాహేదా కాలరు కింద ఎర్రదారంతో నా పేరు కుట్టింది. పెట్టెలన్నీ వెతికాను, అంగీ ఇంట్లో లేదు. మూటలోనే వచ్చింది. జమేదారు ఆ పేరు చూస్తే నేను జైలుకే. ఎట్లాగైనా పేరు కనబడకుండా చెయ్యి.

నీ దయ మీద బతుకుతున్న ఖుద్దూస్

తా.క. రంగులో ముంచు. ఖాకీ కాకపోతే చాలు.

---

ఆలేరు మిలటరీ క్యాంపు,
10 నవంబరు

తమ్ముడా, పై చిరునామా చూసి భయపడకు.

పేరు ఎర్రదారంతో ఉందన్నావు కదా, కలిసిపోతుందని ఎర్రరంగే వేశాం. దండెం నిండా ఎరుపు చూసి జమేదారు తుపాకీ తీశాడు. "మొన్న రజాకార్లు, గిప్పుడు ఎర్రజెండా సంఘపోళ్ళా?" అని పట్వారీ కూడా వణికాడు.

"గీ దండేనికి పార్టీ తెల్వది సారూ, సలి ఒక్కటే తెలుసు" అంది మీ వదిన.

బొంతలు కుట్టేవాడివైతే మా ముందే కుట్టమని నన్ను ఇక్కడికి తెచ్చారు. ముప్పయ్యారు కాలర్లు విప్పాను. నీ పేరు రాలేదు. ఇంకా నాలుగున్నాయి.

నీ అన్న ఎల్లేశం

తా.క. పేరు బయటపడితే కాలరు మింగేస్తాను. గట్టి గుడ్డ, పక్కన చెంబెడు నీళ్ళు పెట్టుకున్నాను.

---

సికింద్రాబాదు,
14 నవంబరు

అన్నా, మింగకు! శుక్రవారం రైలుకు వచ్చి అంతా ఒప్పుకుంటాను. నా మూలంగా నువ్వు క్యాంపులో ఉంటే నాకు ముద్ద దిగడం లేదు.

ఖుద్దూస్

తా.క. జాహేదాకు ఇంకా చెప్పలేదు. జైలుకన్నా అదే భయంగా ఉంది.

---

ఆలేరు, ఇంటి నుంచే,
17 నవంబరు

తమ్ముడా, రాకు! నలభై కాలర్లూ విప్పాను. నీ పేరు ఎందులోనూ లేదు. జమేదారు బొంత మీద ఒక్క కునుకు తీసి, లేచి నన్ను విడిచిపెట్టాడు. ఇంతకీ నీ అంగీ ఏమైంది?

నీ అన్న ఎల్లేశం

తా.క. సిపాయిలందరికీ బొంతలు కావాలట. కోళ్ళు మూడున్నాయి.

---

సికింద్రాబాదు,
20 నవంబరు

అన్నకు వెయ్యి సలాములు.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను రైలుకు మూట కట్టుకుని జాహేదా ముందు ఏడుస్తున్నాను. ఆమె అంతా విని, చేతిలో తడిగుడ్డను నా ముఖం ముందు దులిపింది.

"గీ అంగీయేనా? సెప్టెంబరు సంది దీంతోనే ఇల్లు తుడుస్తున్న గద!"

పట్నమంతా పాతబట్టలు ఏరేవాణ్ణి అన్నా నేను! రెండు నెలలుగా నా అంగీని నేనే దాటుకుంటూ తిరిగాను. సిగ్గుతో చస్తున్నాను. నువ్వు ఇంటికి చేరావు, అది చాలు.

నీ తమ్ముడు ఖుద్దూస్

తా.క. కాలరు కింద పేరు ఇంకా చెరగలేదు. అరిగిపోయేదాకా ఇల్లు నేనే తుడవాలని జాహేదా హుకుం. రోజుకు మూడుసార్లు తుడుస్తున్నాను.