పాస్టరుగారికి ఎవరు రాయమన్నారు?

అక్కా, కుడిచెయ్యి మానింది, ఈ కార్డు నేనే రాస్తున్నాను. వెల్డింగులో కాలిందని నీకొక్కదానికే చెబితే, ఇక్కడి పాస్టరుగారికి రాసేశావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా. కట్టు విప్పేదాకా నా గది సంతే. పాటలవాళ్ళు మంచం చుట్టూ నిలబడి పాడారు. సంఘపెద్ద, అదే బేకరీ తాత, రోజూ వచ్చి "కదలకురా, తెగుతుంది" అంటూ గడ్డం గీశాడు. మొన్న ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే, నిన్ను నలుగురిలో కడిగేద్దామనే లేచాను. తీరా ఏడ్చేసి, "స్తోత్రం" అని కూలబడ్డాను. పరువంతా పోయింది.

బావ దగ్గు తగ్గిందా? నా పాత బైబిలు పంపు.

వచ్చేవారం తాతకు కంటి ఆపరేషను. ఆయన గడ్డం నేనే గీస్తాను. దానికి నువ్వెవరికీ రాయక్కర్లేదు.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

ఇంకా కోపంగానే,
తమ్ముడు