జానెడు ఎత్తులో పట్టిన క్యాచ్

ఏమండీ,

మీకు నమస్కారాలు. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. బాగానే అంటే ఒంటి వరకు. మిగతా సంగతి కింద రాస్తాను, తొందరపడి చివరి పేజీకి వెళ్ళిపోకండి. మీరు అక్కడ వేళకి తింటున్నారనీ, గొంతు జాగ్రత్తగా చూసుకుంటున్నారనీ తలుస్తాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. వంటింట్లో కుళాయి కారడం ఆగింది. ప్లంబరు రేపు రేపంటూ తిప్పుకుంటుంటే విసుగొచ్చి వాషర్ నేనే కొనుక్కొచ్చి మార్చాను. మామయ్య కళ్ళలో చుక్కలు పొద్దునా సాయంత్రం మానకుండా వేస్తున్నాను. డాక్టరుగారిది పాత మాటే. నీటికాసులు తినేసిన చూపు తిరిగి రాదు, ఉన్న కాస్తా నిలబెట్టుకోవాలి అన్నారు. వెలుగూ నీడా తెలుస్తున్నాయి. మనిషి నిలబడితే మనిషని తెలుస్తోంది, ఎవరో తెలియడం లేదు. నా నడుం నొప్పి నా మిషన్ ఉన్నంతకాలం ఉంటుంది. బడి యూనిఫారాల పని మొదలైంది, ముందు గదిలో అడుగు పెట్టడానికి లేదు, అంతా నీలం గుడ్డే.

ఇక మీ ఆఖరి ప్రశ్న. ఉత్తరమంతా అయిపోయాక, సంతకం పక్కన మిగిలిన కాస్త జాగాలో, చీమ తలకాయంత అక్షరాలతో రాశారు. "నాలుగో రోజు స్లిప్ క్యాచ్ గురించి షాపులో ఎవరైనా ఏమైనా అన్నారా? మా కామెంటరీ బాక్స్‌లోంచి సరిగ్గా కనపడలేదు."

కనపడలేదా? మీకా? పెళ్ళిచూపుల్లో నేను కాఫీ కప్పు ఎడం చేత్తో పట్టుకున్నానని ఇప్పటికీ చెప్పే మనిషి మీరు. సరే, షాపులో ఎవరేమన్నారో అడిగారు కాబట్టి ఒక్కటి వదలకుండా రాస్తాను. కూర్చుని చదవండి.

ఎదురుగా టీవీ మెకానిక్ షాపు సంగతి మీకు తెలుసు కదా. వెనకలు విప్పిన టీవీల మధ్య ఒక్క పెద్ద టీవీ మాత్రం శుభ్రంగా పలుకుతోంది. అది ఎవరిదో పాపం, బాగుచేయడం ఎప్పుడో అయిపోయింది. మెకానిక్ మాత్రం మ్యాచ్ అయ్యేదాకా పార్టు దొరకలేదనే చెబుతున్నాడు. బొమ్మ ఆ టీవీది, మాట మీది. టీవీ గొంతు నొక్కేసి, మామయ్య రేడియో బల్ల మీద పెట్టి, అందరూ మీ కామెంటరీతో ఆట చూస్తారు. మన వీధిలో అదొక గొప్ప. "మనవాడి గొంతు ఉండగా ఆ ఇంగ్లీషు గొణుగుడు ఎందుకు" అంటాడు మెకానిక్.

నాలుగో రోజు పొద్దుట్నుంచీ షాపులో ఒకటే రభస. మనవాళ్ళు లంచ్ దాకా బ్యాటింగ్ వదల్లేదు కదా, దాని గురించి. మీ నాన్నగారు, లెక్కల మాస్టారు ఎదురెదురు స్టూళ్ళ మీద.

"మూడు వందలు దాటాక ఇంకా దేనికయ్యా? పొద్దున్నే డిక్లేర్ చేసుంటే ఇంకో ఇరవై అయిదు ఓవర్లు దొరికేవి. వికెట్లు తీయడానికి టైమక్కర్లేదూ?" అని మాస్టారు.

"మీ లెక్క కాగితం మీద బాగుంటుంది మాస్టారూ. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ముందే గేరు మార్చేస్తే బండి వెనక్కొస్తుంది. పిచ్ ఇంకా పగల్లేదని మావాడు పొద్దున్నే చెప్పాడుగా. ఆగాలి. ఆగి, ఆ ఎడంచేతి స్పిన్నర్‌కి బంతివ్వాలి. వాణ్ణి బౌండరీ దగ్గర కాపలా పెట్టి కూర్చున్నాడు కెప్టెన్, అదీ తప్పు."

ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి కదా, ఏ ఆటైనా ఆయనకి స్టీరింగ్ వెనకనుంచే అర్థమవుతుంది. మాస్టారు నవ్వి, "మీ అబ్బాయి చెప్పాడంటే ఇక వేదమే" అన్నారు. "వేదమే మరి. వాడి కళ్ళతోనే కదా చూస్తున్నాను" అన్నారు మామయ్య.

ఆ మాట మీకు గుర్తుండే ఉంటుంది. రేడియోలో మీకు ఉద్యోగం వచ్చిన రోజు, అప్పుడే మామయ్యకి టీవీ బొమ్మ మసకబారుతోంది, మీరే ఆయన చెయ్యి పట్టుకుని అన్నారు, ఇకనుంచి నా కళ్ళతో చూడు నాన్నా అని. అన్నది మీరు. నమ్మింది ఆయన.

టీ తర్వాత నేను మాస్టారి చొక్కా కాలర్ తిప్పి కుట్టింది ఇవ్వడానికి షాపులోకి వెళ్ళాను. అప్పుడే పడింది ఆ బంతి. అవతలివాళ్ళ ఓపెనర్ లంచ్ నుంచీ జిడ్డులా పట్టుకుని ఆడుతున్నాడు కదా, బంతి బ్యాట్ అంచు తగిలి స్లిప్‌లోకి వెళ్ళింది. మనవాడు ముందుకి దూకాడు. బంతి నేలని ముద్దుపెట్టుకుని మరీ వాడి చేతుల్లోకి వెళ్ళింది. టీవీవాళ్ళు మళ్ళీ చూపించారు, నెమ్మదిగా చూపించారు, పక్కనుంచి చూపించారు. చిన్న దుమ్ము కూడా లేచింది.

అంపైర్ వేలెత్తాడు. అది ఆయన ఖర్మ. నేను మాత్రం రేడియో వైపే చూస్తున్నాను. "గాల్లో... స్లిప్‌లో..." అన్నారు మీరు. ఆగిపోయారు. మీతో ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, మీరు ఎక్కడ ఆగుతారో, ఎందుకు ఆగుతారో నాకు తెలియదనుకున్నారా? మీ పక్కన కూర్చున్న ఆ మాజీ కెప్టెన్‌గారు "అద్భుతమైన క్యాచ్, అద్భుతమైన క్యాచ్" అని అందుకున్నాడు. అప్పుడు మీరు కదిలారు. "అవును, నేలకి జానెడు ఎత్తులో, పసిపిల్లని ఎత్తుకున్నంత భద్రంగా అందుకున్నాడు" అన్నారు.

ఆయన క్యాచ్ అన్నాడు, సరే. పెద్దవాడు, పేరున్నవాడు, ఎదురు చెప్పలేకపోయారు, అదీ సరే. మాట్లాడకుండా ఊరుకోవచ్చు. అంపైర్ ఇచ్చాడు అనేసి స్కోరు చెప్పొచ్చు. ఆ జానెడు ఎత్తు ఎవరిది? ఆ పసిపిల్ల ఎవరిది? అవి ఎవరూ అడగలేదు. మీ సొంతం. నా కోపమంతా ఆ జానెడు మీదే.

షాపులో ముందు నవ్వులు లేచాయి. "జానెడు ఎత్తట. చీమ జాన అయ్యుంటుంది" అన్నాడు మెకానిక్. మాస్టారు అయితే, "డ్రైవర్ గారూ, మీవాడికి అద్దాలు పెట్టించే వేళయింది" అన్నారు. పుండు మీద కారం చల్లినట్టు ఆ మాటే దొరికిందా ఆయనకి, ఈ మనిషి దగ్గర?

మామయ్య లేచి నిలబడ్డారు. "టీవీలో బొమ్మని మీరు ఎటు కావాలంటే అటు తిప్పుతారు. మావాడు అక్కడ ఉన్నాడు. కళ్ళారా చూసి చెప్తున్నాడు."

"మేమూ కళ్ళారానే చూశామయ్యా. నీకు కనపడదు కాబట్టి..." అని మాస్టారు నాలుక్కరుచుకున్నారు. మాట జారింది, ఇక ఏం లాభం. మామయ్య రేడియో తీసుకుని చంకన పెట్టుకున్నారు. "ఇవాళ్టితో నీకూ నాకూ మాటల్లేవు మాస్టారూ" అని బయల్దేరారు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించారు. గుమ్మం ముందు మెట్టు కాలికి కొట్టుకుంది. చర్మం గీరుకుపోయింది, అంతకంటే ఏం కాలేదు, కంగారు పడకండి. ఇంట్లోకి వచ్చి మందు రాస్తుంటే అడిగారు.

"అమ్మాయ్, నువ్వు అక్కడే ఉన్నావుగా. నువ్వు చెప్పు."

"నేను చొక్కా మడత పెడుతున్నాను మామయ్యా, చూడలేదు" అన్నాను.

మొహంలో నమ్మకం తగ్గలేదు. "వాడు చూశాడులే" అన్నారు. అన్నం సగంలో వదిలేశారు. మాస్టారు సాయంత్రం గుమ్మం దాకా వచ్చి, తలుపు మూసి ఉండటం చూసి వెళ్ళిపోయారు. ఇదంతా మీరు ఆట ముగించుకుని హాయిగా హోటల్‌కి చేరేలోపే జరిగింది. తప్పు అంపైర్‌ది, క్యాచ్ పట్టినట్టు నటించింది ఆ ఫీల్డర్, వంత పాడింది మీరు, మాట పడింది మాత్రం ఈ వీధిలో చూపు పోతున్న ఒక ముసలాయన. ఏం న్యాయమండీ ఇది?

ఇంతవరకు చదివి మీరు తల దించుకుని ఉంటారు. ఉండండి. ఇప్పుడు నా సంగతి రాయాలి. రాయకుండా ఉత్తరం ముగించేద్దామని కూడా అనుకున్నాను.

ఐదో రోజు పొద్దున చుక్కలు వేస్తూ మామయ్యకి నిజం చెప్పేశాను. బంతి నేలకి తగిలింది, నేను చూశాను, నిన్న మీతో అబద్ధం ఆడాను అని. మిమ్మల్ని అడగకుండా, మీకు చెప్పకుండా, మీ నాన్నగారి దగ్గర మీ మాట తీసేశాను. నాకు భయం వేసింది. అయినా ఆయన మాస్టారితో తెంచుకుని, ఆ జానెడు పట్టుకుని బతకడం చూడలేకపోయాను.

కళ్ళు మూసుకునే ఉన్నారు, చుక్కలు వేశాను కదా. "వాడికి కనపడిందా?" అని అడిగారు.

"కనపడింది మామయ్యా. ఆగారు కదా."

"ఆగాడు. నేనూ విన్నాను" అన్నారు.

అంటే ఆయనకీ తెలుసు. రాత్రంతా తెలుసు.

చొక్కా వేసుకుని, నా భుజం మీద చెయ్యి వేసి షాపుకి నడిచారు. అందరూ లేచి నిలబడ్డారు. ఆయన మాస్టారు ఎటు ఉన్నారో అడిగి, అటు తిరిగి అన్నారు. "బంతి నేలకి తగిలిందట. మా కోడలు చెప్పింది. మావాడు తప్పు చెప్పాడు. మీరు చెప్పింది ఒప్పు." అంతే. కొడుకుని వెనకేసుకు రాలేదు, తిట్టనూ లేదు. మాస్టారు తన స్టూలు ఖాళీ చేసి ఆయన్ని కూర్చోబెట్టి, "నేనన్న మాట మాత్రం ఒప్పు కాదు" అన్నారు. మెకానిక్ టీలు తెప్పించాడు. గొడవ అలా తీరింది.

ఆట మొదలవుతుంటే మెకానిక్ రేడియో అడిగాడు. "తేలేదు. ఇవాళ మా కోడలు చెప్తుంది" అన్నారు మామయ్య. మెకానిక్ టీవీ గొంతే సన్నగా పెట్టాడు.

కుట్టాల్సిన నిక్కర్లు గుట్టగా పడి ఉండగా నేను టీవీ ముందు కూర్చున్నాను. నాకేం వచ్చు కామెంటరీ? ఎవడు ఎటు పరిగెత్తాడో, బంతి ఎటు పోయిందో, కూరగాయల బండి దగ్గర మాట్లాడినట్టు చెప్పుకుంటూ పోయాను. వికెట్ పడితే పడిందన్నాను, ఫోరు పోతే పోయిందన్నాను. నిజం చెప్పడం ఇంత తేలికా, దీనికి ఆయన తడబడ్డారే అని మీ మీద ఇంకా కోపం వచ్చింది.

అప్పుడు ఎడంచేతి స్పిన్నర్ వచ్చాడు. మామయ్య స్టూలు చివరికి జరిగారు. మూడు రోజులుగా వాడి కోసమే కదా ఆయన అందరితో వాదించింది. వాడేమో చెమట చేతులో ఏమో, బంతి జారి, పిచ్ తాకకుండానే నడుం ఎత్తున ఫుల్ టాస్‌గా వెళ్ళింది. బ్యాట్స్‌మన్ ఆవులిస్తూ కొట్టినట్టు కొట్టాడు, ఫోరు. ఆ తర్వాతి బంతీ అంతే. మామయ్య మొహం నా వైపే ఉంది. పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లాడి మొహం. నా నోట్లోంచి వచ్చేసింది. "చాలా మంచి బంతి మామయ్యా, బాగా తిరిగింది. వాడి అదృష్టం, ఫోరు పోయింది."

మెకానిక్ తల తిప్పుకున్నాడు.

మామయ్య అడిగారు. "మంచి బంతికి అంత తేలిగ్గా ఫోరెలా పోయిందమ్మా? బ్యాట్ చప్పుడు నాకు వినిపించింది."

సిగ్గుతో చచ్చిపోయాను. "ఫుల్ టాస్ మామయ్యా. రెండూ ఫుల్ టాసులే" అన్నాను.

"అలా చెప్పు" అని నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. తర్వాత ఎవరితోనో అన్నట్టు అన్నారు. "వాడికీ ఇలాగే వచ్చుంటుంది నోట్లోకి. అవతలివాడికి నచ్చాలని."

అదండీ నేను దాచుకున్నది. పొద్దున మీ తప్పు చెప్పి, మధ్యాహ్నం కాకుండానే అదే పని నేనూ చేశాను. అందుకని మీ మీద కోపం తగ్గిందనుకోకండి. ఇదివరకు మీరెందుకు అలా చేశారో తెలియక కోపం, ఇప్పుడు తెలిసి కోపం. నేను ఆ ఓవర్ అయ్యేలోపే దిద్దుకున్నాను. మీరు మ్యాచ్ మొత్తం అయిపోయాక, రైలెక్కి, ఇంకో ఊరు చేరి, చీమ తలకాయంత అక్షరాలతో కనపడలేదని రాశారు.

మ్యాచ్ ఎలా ముగిసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అవతలివాళ్ళకి రెండు వికెట్లు మిగిలి డ్రా. ఇంకో ఇరవై అయిదు ఓవర్లు ఉంటే గెలిచేవాళ్ళమని మాస్టారు, స్పిన్నర్‌ని ముందు రోజే దించి ఉంటే చెయ్యి కుదురుకునేదని మామయ్య, చీకటి పడేదాకా మళ్ళీ ఒంటికాలి మీద లేస్తూ కూర్చున్నారు. చూడటానికి ముచ్చటేసింది.

నిన్న మామయ్య నాతో ఈ ఉత్తరం సంగతి మాట్లాడారు. మీకు ఇలా చెప్పమన్నారు, ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "వచ్చే మ్యాచ్ మొదటి రోజు పొద్దున రేడియో పెడతాను. ఆ క్యాచ్ క్యాచ్ కాదు, నేను చూశాను, చూసి కూడా తప్పు చెప్పాను అని వాడు చెప్పాలి. మాజీ కెప్టెన్ పక్కనుండగానే చెప్పాలి. ఉద్యోగం పోతే ఇంటికి రమ్మను. డ్రైవింగ్ నేర్పుతాను."

చివరిది హాస్యమో నిజమో నాకూ తెలియలేదు. నా మాట కూడా ఒకటి కలుపుతున్నాను. ఉద్యోగం పోతుందని నాకూ భయమే. అయినా చెప్పండి. ఆట మొదలయ్యేలోపు చెప్పండి. టాస్ ఎవరు గెలిచారో, పిచ్ మీద పచ్చిక ఉందో లేదో తర్వాత. మెకానిక్ టీవీ గొంతు నొక్కి పెడతాడు. ఈ వీధంతా అక్కడే ఉంటుంది. మామయ్య మీ గొంతు కోసం ఎలా చెవి ఒగ్గి కూర్చుంటారో మీరెప్పుడూ చూడలేదు. నేను చూశాను కాబట్టి ఇంత రాశాను.

వేడినీళ్ళతో పుక్కిలించండి. జాగ్రత్త.

ఇట్లు,
మీరు రేడియోలో ఆ మాట చెప్పేవరకు
మీ నాన్నగారి కోడలు మాత్రమే