గోడలో నా వైపు వరస

9 ఫిబ్రవరి 2026, సోమవారం. పొడిగాలి. ఉదయం మూడో జల్లెడకి వల మార్చాను. పాతది అంచున చిరిగింది. రెండు బోల్టులు తుప్పుపట్టి ఊడి రాలేదు, కోసేశాను.

తక్కిన రోజంతా వీలునామాకి పెట్టుకున్నాను. దీన్ని వేరే మంచి కాగితం మీద రాయాలని అందరూ చెప్పారు. ముప్పై నాలుగేళ్ళుగా నేను ఏది రాసినా ఈ రోజుపుస్తకంలోనే రాశాను, ఇదీ ఇందులోనే రాస్తున్నాను. రూళ్ళు ఉంటే నా అక్షరాలు వంకర పోవు.

నాకు అరవై ఏడేళ్ళు. మతి స్థిమితంగానే ఉంది. అందుకు రుజువు: ఈ ఉదయం ఆరో నంబరు వలకీ ఎనిమిదో నంబరు వలకీ తేడా కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పాను. మా అమ్మాయి చూసింది. ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నాను. మా ఆవిడ పొద్దుటినుంచి నాలుగుసార్లు వచ్చి "అయిందా?" అని అడిగింది. దాన్ని ఒత్తిడి కింద లెక్కించలేదు.

గురువారం నాకు ఊపిరితిత్తుల ఆపరేషను. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము దీపానికి ఆనించి చూసి "ఏం పని చేస్తారు మీరు?" అని అడిగాడు. కలిసిపోయిన వాటిని విడదీస్తానని చెప్పాను. "దుమ్ముని మాత్రం దగ్గరే ఉంచుకున్నారు" అన్నాడు. సరైన మాటే. రాసి పెట్టుకున్నాను.

నా తదనంతరం అమలు కావలసిన ఏర్పాట్లు ఇవి.

1. మేం ఉంటున్న ఇల్లు, అందులోని సామాను, వంటింటి కిటికీ కింద నేను బిగించిన చిన్న బ్లోవరుతో సహా నా భార్యకు చెందాలి. ఆ బ్లోవరు వద్దని ఆమె అప్పుడే చెప్పింది. మొదటిరోజే పిండి డబ్బా మూత తెరిచి ఉండగా వేశాను. పిండి అంతా ఆమె మీద పడింది. అద్దం తెచ్చి నా ముందు పెట్టి, తన ముఖం నాకు అందులో చూపించింది. ఆ బ్లోవరు ఆవిడ ఎప్పుడైనా పీకేసుకోవచ్చు.

2. మా అన్నయ్యకి. ఆయన ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. నేను స్కూలు మానేసి జల్లెడ పట్టుకున్నప్పుడు నలుగురిలో నన్ను "పొట్టు ఇంజనీరు" అన్నాడు. ఆ పేరు ఇరవై ఏళ్ళు నడిచింది. కనుక ఆయనకి మంచి పొట్టు ఒక బస్తా. రాళ్ళు లేవు, మట్టిబెడ్డలు లేవు, మేకులు లేవు. అంత శుభ్రమైన పొట్టు ఆయనకి ఇంకెక్కడా దొరకదు. బస్తా అడుగున నా చేతిగడియారం ఉంటుంది. ఆయన గడియారం ఆగిపోయి చాలాకాలమైంది, టైము ఎదుటివాళ్ళని అడుగుతున్నాడు. గడియారం కావాలంటే పొట్టులో చెయ్యి పెట్టాలి.

3. పక్కవీధి లాండ్రీ ఆయన్ని ఈ వీలునామా అమలు చేసే బాధ్యుడిగా నియమిస్తున్నాను. మా షెడ్డు దుమ్ము తన తెల్లచొక్కాల మీద పడుతోందని ముప్పై ఏళ్ళుగా వారానికి రెండుసార్లు నా గుమ్మంలోకి వచ్చిన మనిషి ఆయన. నా తప్పు ఒక్కటి కూడా చూసీ చూడనట్టు వదలలేదు. ఇంత శ్రద్ధ ఉన్న మనిషి నాకు ఇంకొకరు తెలియదు. ఆయన బాధ పడలేకే నీళ్ళడ్రమ్ము కోసి దుమ్ము పట్టే గరాటు కట్టాను. దుమ్ముగాలి పైన పక్కనుంచి దూరి గిర్రున తిరుగుతుంది, బరువున్న దుమ్ము గోడకి కొట్టుకుని కింద సంచిలో పడుతుంది, శుభ్రమైన గాలి నడిమి గొట్టంలోంచి పైకి పోతుంది. అది కట్టి ఆరేళ్ళే అయింది. పాతికేళ్ళ ముందే కట్టి ఉంటే గురువారం నాకు వేరే పని ఉండేది. ఆ డ్రమ్ము ఎప్పటికీ తియ్యరాదు. సంచి వారంవారం దులపాలి, లాండ్రీ వైపు కాకుండా.

4. దొరికినవాటి డబ్బా. గింజల్లోంచి, విత్తనాల్లోంచి, ప్లాస్టిక్ ముక్కల్లోంచి మా యంత్రాలు ఏరి పక్కన పెట్టినవి ఇందులో ఉన్నాయి. చొక్కా గుండీలు 212, తాళంచెవులు 19, చెవి కమ్మ ఒకటి, ఈల ఒకటి, పై వరస కట్టుడు పళ్ళు ఒక సెట్టు. ఈ డబ్బా మా అమ్మాయికి. చిన్నప్పుడు ఏడిస్తే ఈ గుండీలు పరిచి, సైజువారీగా ఏరమని ఇచ్చేవాణ్ణి. ఏడుపు ఆపి ఏరేది. ఎత్తుకోవడం నాకు సరిగ్గా వచ్చేది కాదు. పళ్ళ కోసం ఎవరైనా వస్తే, పెట్టి చూసి, సరిపోతేనే ఇవ్వాలి.

5. షెడ్డు, జల్లెడ యంత్రం, రాళ్ళు తీసే మిషను, మోటార్లు, బెల్టులు, వలలు అన్నీ మా అమ్మాయివి. బేరింగు పాడవబోతుంటే రెండురోజుల ముందే చెప్పేస్తుంది, చప్పుడు విని. నేను ఇంతవరకు ఆమెకి చెప్పలేదు, ఈ విద్యలో ఆమె నన్ను దాటి నాలుగేళ్ళయింది.

అయితే నేను ఇస్తున్నది సగం కార్ఖానా. తక్కిన సగం గోడ అవతల మా బావమరిది దగ్గర ఉంది. పోయినవారం విత్తనాల కంపెనీ ఆవిడ వచ్చి చూసింది. జల్లెడ, రాళ్ళమిషను, మేకులు లాగే అయస్కాంతపు డోలు మూడూ ఒకే కప్పు కింద వరసగా ఉంటే ఏడాదంతా పని మాకే ఇస్తానంది. నెలాఖరులోగా చెప్పమంది. మా దగ్గర జల్లించిన బస్తా గేటు దాటి, వీధి చుట్టి, ఎనభై అడుగులు వేసి అవతలి గేటులోకి వెళ్తే గానీ అయస్కాంతం దగ్గరికి చేరదు. ఒక బేరగాడైతే "మీ బావాబావమరుదుల మధ్య నా బస్తాకి ప్రదక్షిణాలు" అన్నాడు. ఈ పని దొరక్కపోతే రెండు షెడ్లూ ఏడాదిలో మూతపడతాయి. మా అమ్మాయి రెండుసార్లు లెక్క వేసి చూపించింది. "నాన్నా, మీరిద్దరూ అలిగి కూర్చోండి, నేను ఇంకో ఊళ్ళో ఎవరి దగ్గరైనా పని వెతుక్కుంటాను" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు.

6. ఇక మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు. పదిహేడేళ్ళు నేనూ అతనూ ఒకే షెడ్డులో పనిచేశాం. పదకొండేళ్ళుగా మాటల్లేవు.

కారణం రాయాలి. రాళ్ళు తీసే మిషను అంటే ఏటవాలు వల. అడుగునుంచి గాలి కొడుతుంది, వల ఊగుతుంది. గింజ తేలికగనక గాలిమీద తేలి కిందికి జారుతుంది. రాయి బరువుగనక వలని అంటిపెట్టుకుని పైకి ఎక్కుతుంది. చూడనివాళ్ళు నమ్మరు. వాలు ఎక్కువైతే రాళ్ళు గింజలతో పాటే దిగివస్తాయి, తక్కువైతే గింజలు రాళ్ళతో పాటు ఎక్కుతాయి. వాలు సరిపెట్టేది మిషను వెనక కాళ్ళ కింద పెట్టే చెక్క. నేను రెండంగుళాల చెక్క అన్నాను. రెండో మిషను కొన్నప్పుడు అతను రెండున్నర అన్నాడు. ఎవరి మిషను వాళ్ళు ఎవరి చెక్కమీద వాళ్ళు నడిపాం. ఒక లారీ సరుకు తిరిగొచ్చింది, రాళ్ళున్నాయని. కొన్నవాడికి పన్ను కూడా విరిగింది. ఏ మిషను బస్తా ఏదో అప్పటికే కలిసిపోయాయి. ఊళ్ళోవాళ్ళవన్నీ విడదీసే మేము మా బస్తాలు రెండిటినీ విడదీసి చూపించలేకపోయాం. "నీ రెండంగుళాల వల్లే" అన్నాడతను. నేను "నీ తలలో అరంగుళం ఎక్కువ" అన్నాను. ఇది అనకుండా ఉండాల్సింది.

పంపకాలయ్యాయి. షెడ్డు మధ్య గోడ పెట్టాలన్నాం. గోడ ఎవరు కట్టాలో తేలలేదు. చివరికి అతని వైపు ఒక వరస అతను, నా వైపు ఒక వరస నేను కట్టాం. చూడ్డానికి ఒక గోడ, నిజానికి రెండు. మేస్త్రీ మధ్యలో నిలబడి "ఇంత గట్టి గోడ నేను బ్యాంకుకి కూడా కట్టలేదు" అన్నాడు.

ఇప్పుడు ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. గోడ లేచిన మూడోరోజు నా మిషను కింద నూనె తుడుస్తూ చెక్క చూశాను. అది నాది కాదు. పెన్సిలుతో అతని చేతిరాత, రెండున్నర అని. యంత్రాలు జరిపినప్పుడు చెక్కలు తారుమారైనట్టున్నాయి. అప్పటికి రెండురోజులుగా ఆ చెక్కమీదే నడుస్తోంది, ఒక్క రాయి రాలేదు. అడుగుగాలిని ఎక్కువతక్కువ చేసే గాలితలుపు ఒక వేలెడు సర్దాను, అంతే. మార్చేద్దామని చెక్క చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ అక్కడే పెట్టాను. పదకొండేళ్ళుగా నా మిషను అతని చెక్కమీద నడుస్తోంది. ఈ పుస్తకంలో ఆ రోజు "నూనె తుడిచాను" అని మాత్రమే రాశాను.

కనుక ఆ రెండున్నర అంగుళాల చెక్కని, దానితోపాటు అతని మాటే నిజమన్న నా ఒప్పుకోలుని, మా బావమరిదికి రాసి ఇస్తున్నాను. నేను పోయాక ఇవ్వాలి. ముందు కాదు.

7. గోడ. నాది కానిదాన్ని నేను ఇవ్వలేను. నా వైపు ఇటుకల వరసని మాత్రం మా అమ్మాయికి ఇస్తున్నాను, ఎప్పుడైనా పడగొట్టుకునే హక్కుతో. అవతలి వరస గురించి ఈ వీలునామాకి చెప్పే అధికారం లేదు.

ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. సాయంత్రం నాలుగింటికి సాక్షులుగా లాండ్రీ ఆయన, టీకొట్టు ఆయన రావాలి. టీకొట్టు ఆయన పాలు విరిగాయని రాలేదు. ఇక ఆలస్యం చెయ్యడం దేనికని లాండ్రీ ఆయన నన్ను అడక్కుండా బస్తాలమీదికి ఎక్కి గోడమీంచి అరిచాడు.

"ఏవయ్యా! మీ బావ వీలునామా రాస్తున్నాడు. ఒక్క సంతకం తక్కువైంది, వచ్చి పడేసి పో!"

అవతల మోటారు ఆగింది. ఎనభై అడుగులు నడిచి అతను వచ్చాడు. జుట్టు బాగా నెరిసింది. నాకు కాదు, లాండ్రీ ఆయనకి చెప్పాడు. "చదవకుండా నేను దేనిమీదా సంతకం పెట్టను."

పుస్తకం మూయాలనుకున్నాను. లాండ్రీ ఆయన అప్పటికే ఇచ్చేశాడు. అతను నిలబడే చదివాడు. పొట్టు ఇంజనీరు దగ్గర నవ్వు ఆపుకున్నాడు. ఆరో అంశం రెండుసార్లు చదివాడు. పుస్తకం బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎనభై అడుగులు. తిరిగొచ్చినప్పుడు చేతిలో నూనె కారుతున్న చెక్క ఉంది. నా ముందు పెట్టాడు. రెండు అని నా చేతిరాత.

"నాదీ దీనిమీదే నడుస్తోంది బావా" అన్నాడు. "పదకొండేళ్ళు. ఒక్క రాయి రాలేదు. నీదే కరెక్టని చెప్పాలంటే నోరు రాలేదు."

"మరి ఆ లారీలో రాళ్ళు ఎవరివయ్యా?" అన్నాడు లాండ్రీ ఆయన.

మాకు తెలియదు. గాలి సరిచేసుకుంటే రెండు చెక్కలూ పనిచేస్తాయని ఇప్పుడు తెలిసింది. ఆ రోజు ఇద్దరం వాదించుకుంటూ గాలితలుపు సంగతి మరిచిపోయి ఉంటాం.

టీ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన మా ఆవిడ రెండు చెక్కలూ చూసింది.

"ఇప్పటికి చూసుకున్నారా? పంపకాలనాడు షెడ్డు ఊడ్చింది నేనే. మార్చి పెట్టింది కూడా నేనే. ఒకరి చెక్కమీద ఒకరు పనిచేస్తే అయినా బుద్ధి వస్తుందేమోనని."

"మరి చెప్పవేమక్కా ఇన్నాళ్ళూ!" అన్నాడు.

"అడిగారా?" అంది. గ్లాసులు తీసుకుని వెళ్ళింది.

వీలునామాలో వాటా ఉన్నవాడు సాక్షి సంతకం చేస్తే ఆ వాటా పోతుందని లాండ్రీ ఆయన గుర్తు చేశాడు. "పోనీండి, నా చెక్క నాకెందుకు, బావ దగ్గర బాగానే ఉంది" అని అతను సంతకం చేశాడు. కనుక ఆరో అంశంలో చెక్క కొట్టివేయడమైనది. ఒప్పుకోలు కొట్టివేయలేదు.

పైన రాసినది చదివి, సరిగా ఉందని చూసుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేశాను.

9 ఫిబ్రవరి 2026

(సంతకం) జల్లెడ షెడ్డు యజమాని

సాక్షులు:
1. లాండ్రీ యజమాని. (కింద ఆయన చేత్తోనే: "సంచి లాండ్రీ వైపు దులపరాదు అన్నది నేను చదివాను.")
2. బావమరిది, గోడ అవతలి షెడ్డు

సాయంత్రం ఐదున్నర. గాలి తగ్గింది. ఈరోజు యంత్రం నడిచింది రెండు గంటలు. జల్లెడ వల కొత్తది, బాగుంది. అవతలి వైపునుంచి గునపం చప్పుడు వస్తోంది. మా అమ్మాయి ఇటునుంచి మొదలుపెడతానని సుత్తి వెతుకుతోంది. సుత్తి ఎక్కడుందో నాకు తెలుసు. ముందు కొత్త వలమీద ఇటుకదుమ్ము పడకుండా పట్టా కప్పాలి. కప్పి వచ్చి సుత్తి తీసిస్తాను.