బండి ఇంకా బాగవలేదు

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య దీవించి రాసేది. నేను బాగానే ఉన్నాను. ఇల్లు బాగానే ఉంది, నీ గది కిటికీకి విరిగిన రెక్క తీసేసి కొత్తది బిగించాను. అక్క సంగతి కింద రాస్తాను. కంగారుపడి ముందే అక్కడికి పోకు, వరసగా చదువు. ఏ పుస్తకమైనా ఆఖరి పేజీ తిప్పి చూశాక గానీ మొదలుపెట్టని రకానివి నువ్వు.

నీ ఉత్తరం అందింది. ఓడ ఇంజన్ గదిలో వేడికి అరచేతులు పొక్కిపోతున్నాయని రాశావు. పెద్ద మగాడినని మొండికెయ్యకుండా పడుకునే ముందు కాస్త నూనె రాసుకో. నా పని ఎలా ఉందని అడిగావు. తలుపుల పని ఉంది, చెక్కే పచ్చిగా వస్తోంది. బిగించిన నెలకే వంకర తిరిగి, ఆసామి వచ్చి నామీద అరుస్తాడు. ఎదురింటి టైలరు, వాళ్ళావిడ మళ్ళీ కలిశారు. మళ్ళీ గిన్నెలు ఎగురుతున్నాయి.

ఇక నీ మోటారు సైకిలు. ఒక్క ఉత్తరంలోనే మూడు చోట్ల అడిగావు, ఒక పంపు దొరకడానికి ఇన్నాళ్ళా అని. నీకేం నాయనా, సముద్రం మధ్యలో కూర్చుని అడుగుతావు. ఇక్కడ నేను కాళ్ళరిగేలా తిరిగాను.

అది ఆగిపోయింది ఎక్కడనుకున్నావు, ఘాట్ రోడ్డు మీద. అక్కకు ఆసుపత్రిలో మందు ఎక్కించుకుని వస్తున్నాం. బండి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. తాళం తిప్పితే ట్యాంకులోంచి జుమ్మని ఒక చప్పుడు వస్తుందే, అది రాలేదు. అక్క రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకుంది. నడుస్తానంది. "నోరుమూసుకుని ఎక్కు" అన్నాను. ఆమెను సీటు మీద కూర్చోబెట్టి బండిని కిందిదాకా తోసుకొచ్చాను. ఎంత బరువుందిరా ఆమె ఇప్పుడు? ఏమీ లేదు. తోస్తున్నంతసేపూ నాకు ఏడుపొచ్చింది. వెనకనున్న నేను ఆమెకు కనబడనని ఏడ్చాను కూడా.

మెకానిక్, అదే మన గొణుగుడాయన, ట్యాంకు విప్పి చూసి "పెట్రోలును ఇంజనుకి తోసే పంపు పోయింది. ఈ మోడల్ కంపెనీ ఆపేసింది. మీ తమ్ముడికి వేరే బండే దొరకలేదా?" అన్నాడు. దుకాణాల్లో అడిగితే అడ్డంగా తల ఊపేవాళ్ళే. ఒకడు వేరే బండి పంపు ఇచ్చి కళ్ళు మూసుకుని పెట్టుకోమన్నాడు. పెట్టాం. చదునులో బానే నడిచింది, ఎత్తు ఎక్కేసరికి పెట్రోలు చాలక చచ్చింది. ఇంకొకటి తెస్తే దాని చుట్టూ ఉన్న పళ్ళెం గోరు మందమంత, అర నూలు పెద్దది. అర నూలుదేముంది, చెక్క తలుపుకి చిత్రిక పట్టినట్టు గీరేద్దామని ఆకురాయి తీశాను. గొణుగుడాయన నా చెయ్యి పట్టుకుని "తలుపు సరిగా పడకపోతే గాలి వస్తుంది. ఇది సరిగా కూర్చోకపోతే పెట్రోలు కారుతుంది, మనుషులు కాలతారు" అన్నాడు. ఆకురాయి మళ్ళీ పనిముట్ల పెట్టెలో పడేశాను.

కారు మాట్లాడమన్నావు. నీకు తట్టింది నాకు తట్టదా? మాట్లాడాను, మందు ఎక్కించే ఒక వాయిదాకి అందులోనే తీసుకెళ్ళాను. మూసిన కారులో పోతూ రెండుసార్లు, వస్తూ రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక గోడకు ఆనుకుని, "బండి బాగయ్యాకే వెళ్దాంరా, గాలి తగిలితే నాకు నయంగా ఉంటుంది" అంది. సరేనన్నాను. తర్వాతి వాయిదా దాటిపోయింది. ఆపైది కూడా దాటిపోయింది. నేను పంపు కోసం వెతుకుతూనే ఉన్నాను. రోజూ నేను గడప తొక్కగానే "దొరికిందా?" అని అడిగేది, "లేదక్కా" అనేవాణ్ణి. అంత ఆత్రంగా అడుగుతోందే, నావల్లే ఆమె వైద్యం ఆగిపోయిందే అని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. కూర్చుని చదువు.

పంపు దొరికింది.

నువ్వు రాసిన ఉపాయమే పనికొచ్చింది. పాత పళ్ళెం, పాత గొట్టం అలాగే ఉంచి లోపలి మోటారు ఒక్కటే మార్చమన్నావు కదా. పాత సామాన్ల వీధిలో అదే లావు, అదే జోరు ఉన్న మోటారు దొరికింది. గొణుగుడాయన వైర్లు మార్చి ఇచ్చి "బిగించేముందు పెట్రోల్లో ముంచి చూసుకో" అన్నాడు. ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. పెరట్లో డబ్బాలో పెట్రోలు పోసి, పంపు ముంచి, బ్యాటరీ తీగలు తగిలించాను. జుమ్మంది. కొత్తప్పుడు కూడా అంత చక్కగా మోగలేదు.

"అక్కా" అని కేకేద్దామని తలెత్తాను. అప్పటికే గుమ్మంలో ఉంది. ఆ చప్పుడు వింటే ఆసుపత్రికని శాలువా కప్పుకుని సంచీ పట్టుకోవడం ఆమెకు అలవాటైపోయింది కదా, సంచీ చేతిలోనే ఉంది. ఇంకో చేత్తో తలుపు చట్రాన్ని పట్టుకుంది. ఆమె మొహం నీకెలా చెప్పను? కొట్టడానికి ఎవరో పిలుస్తున్నట్టు చూస్తోంది. మనిద్దరినీ ఎవడైనా ఒక్క మాటంటే వీధిలోకెళ్ళి వాడి చొక్కా పట్టుకున్న మనిషి, ఆ డబ్బా వంక చూసి వణుకుతోంది.

తీగ లాగేశాను. చప్పుడు ఆగింది.

"ఇది కూడా పనికిరాదక్కా" అన్నాను.

"అవునా?" అంది. చట్రం వదిలి, "పోనీలే, పాపం ఎంత తిరిగావో" అంది. సంచీ కొక్కేనికి తగిలించింది. ఆ పూట టీ తాగి, రొట్టె ముక్క తిని, ఎదురింటివాళ్ళ తగువు వింటూ నవ్వింది. అప్పటికి వారం రోజులుగా ఆమె ఏదీ నోట పెట్టలేదు.

మర్నాడు నేనొక్కణ్ణే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పమని గట్టిగా అడిగాను. మందు ఎక్కిస్తే కొన్ని నెలలు ఎక్కువ రావచ్చు, అవీ మంచంమీదే అన్నాడు. ఆమె ఏమంటోందని అడిగాడు. బండి బాగవలేదంటోందని చెప్పాను. ఆయన చీటీ లాక్కుని నొప్పి తగ్గే మాత్రలు రాసిచ్చాడు.

నీకు గుర్తుందా, ఓడెక్కే రోజు ఆమె చేత ఒట్టు వేయించుకున్నావు, ఒక్క వాయిదా కూడా తప్పనని. ఆ ఒట్టే ఆమెను పట్టుకుంది. నీకు వద్దని చెప్పడం ఆమెకు పుట్టుకతోనే రాదు. నీ కోసం అన్నిసార్లు ఆ సూదులు పొడిపించుకుంది. ఇక చాతకావడం లేదని నీకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. బండి చెడిపోతే మాత్రం అది ఒట్టు తప్పడం కాదు కదా. ఆమె రోజూ అడిగింది దొరకాలని కాదురా. దొరకలేదన్న మాట నా నోట వినాలని.

పంపును నా పనిముట్ల పెట్టెలో ఉలుల కింద, ఉత్త కాగితంలో చుట్టి దాచాను. మొన్న పెట్టె తీస్తే అది మెత్తని గుడ్డలో ఉంది, పైన దారంతో అక్క కట్టే ముడి. మన అన్నం డబ్బాలకు కట్టేదే, ఎటు లాగినా ఊడని ముడి. చూసిందన్నమాట. చూసి, దుమ్ము పట్టకుండా చుట్టి, మళ్ళీ అక్కడే పెట్టింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇవాళ పొద్దున కూడా "దొరికిందా?" అంది. "లేదక్కా" అన్నాను.

నేను చేస్తున్నది ఆమెకు సాయమో, ఆమెను చంపుకోవడమో నాకు తెలియడం లేదు. భయంగా ఉంది. నువ్వు నన్ను తిడతావు. తిట్టు, పడతాను. కానీ ఆమెను తిడుతూ ఉత్తరం రాశావో, నీతో నాకు మాటల్లేవు.

అక్క సన్నబడింది. కాళ్ళకు నీరు వచ్చింది. రాత్రిళ్ళు నీ పేరు పెట్టి నన్ను పిలుస్తోంది, నేనే పలుకుతున్నాను. సెలవు ఇస్తారో ఇవ్వరో అని నాన్చకు, ఓడ రేవు చేరగానే దిగి వచ్చెయ్. ఈ కాగితం నిన్ను చేరడానికే ఎన్నాళ్ళు పడుతుందో.

ఇంకొక్క మాట. రేవులో అచ్చం మన బండికి సరిపోయే పంపు చూశావనీ, కొని తెస్తాననీ రాశావు. కొనేసి ఉంటే ఓడలోనే వదిలేసి రా. నువ్వు గడప తొక్కగానే, నీ మొహమైనా సరిగా చూడకముందే, అక్కడైనా దొరికిందా అని అడుగుతుంది. ఏడవకు, కళ్ళు తిప్పుకోకు. ఎక్కడా లేదక్కా అని చెప్పు.

ఇప్పుడే మంచంమీంచి అడిగింది, తమ్ముడికి ఏం రాస్తున్నావని. బండి ఇంకా బాగవలేదని రాస్తున్నానన్నాను. "అలాగే రాయి" అని అటు తిరిగి పడుకుంది.

ఇట్లు,
నీ రాక కోసం గుమ్మంవైపే చూస్తున్న
అన్నయ్య