కిర్రుమనని బల్ల

విజయనగరం, సోమవారం

నాన్నా, నేను బాగున్నాను. సంగీతం కోసం ఉద్యోగం మానేశానని నువ్వు నా ఫోను ఎత్తడం లేదు గనక ఈ కార్డు. పోస్టుమాన్ సత్యం మావ ముందే చదివేసినా మంచిదే, నీకు గుర్తు చేస్తాడు.

నేను కూర్చిన సంగీతం వాయించడానికి చెన్నై నుంచి వెస్టర్న్ వయొలిన్ వాళ్ళు వచ్చారు. వాళ్ళు కుర్చీల్లో కూర్చుని భుజమ్మీద పెట్టుకుని వాయిస్తారు. అందరూ ఒకే ఎత్తులో ఉంటే బాగుంటుందని మా వయొలిన్ మాస్టారు నరసింగరావు గారినీ నేనే కుర్చీ ఎక్కించాను. ఆయన కింద కూర్చుని, వయొలిన్ కొసని పాదమ్మీద ఆన్చుకునే మనిషి. కుర్చీలో ఆనిక లేక, రిహార్సల్లో గమకం తీసేసరికి వయొలిన్ జారిపోయింది. "ఏటే భవానీ, నన్ను కచేరీకి పిలిసేవా, సర్కస్సుకా?" అని లేచి వెళ్ళిపోయారు. ఆయన భాగం తీసెయ్యమంటున్నారు కచేరీ పెట్టేవాళ్ళు. నేను తియ్యను. బల్ల తెప్పిస్తానని చెప్పి మాస్టారిని ఒప్పించాను.

మన వడ్రంగి కొట్లో కుర్చీ ఎత్తున, ఆయన బాసింపట్టు వేసుకునేంత వెడల్పున బల్ల చెయ్యి. పై శనివారం ఆమదాలవలసలో పాసింజరు ఎక్కించు. అమ్మ మోకాలు ఎలా ఉన్నాది? చెల్లి ఫీజు కట్టిందా?

సంగీతం మధ్యలో ఒకచోట అందరూ ఆగిపోతారు. అక్కడ బల్ల కిర్రుమనకూడదు. అలాంటి బల్ల నువ్వే చెయ్యగలవు. కిర్రుమందో లేదో ఆదివారం కచేరీకి వచ్చి నువ్వే విను.

అమ్మకీ నీకూ దండాలు.
నీ మొండిపిల్ల
భవాని