జాబితాలో సెలీనా పేరు

చందానగర్,
12 జూలై 2025, శనివారం.

ప్రియమైన చెల్లి సెలీనాకు,

ప్రభువు కాపుదలలో నువ్వూ, మా మరిది క్రిస్టోఫర్ గారూ, పిల్లలూ సుఖంగా ఉన్నారని నమ్ముతూ, మీ అక్క సుగుణ రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. వానలు ఇంకా సరిగ్గా పట్టలేదు.

నీ అడ్రసు ఎలా దొరికిందా అనుకుంటావు. మన ఆర్థో వార్డు కావ్య వాళ్ల పుట్టిల్లు సదాశివపేటే కదా. పోయిన నెల వాళ్లమ్మ కాలికి కట్టు కట్టించడానికి నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోతే అక్కడ డ్యూటీలో నిన్ను చూసిందట. వచ్చి చెప్పి, ఆ నర్సింగ్ హోమ్ అడ్రసు రాసిచ్చింది. జర సన్నబడ్డది ఆంటీ, తలల తెల్ల వెంట్రుకలు వచ్చినయ్, గని నవ్వు మాత్రం గట్లనే ఉంది అన్నది. సుగుణక్క ఎట్లుంది అని అడగలేదా అని నేను రెండుసార్లు అడిగాను. కావ్య ఏదో మెసేజ్ వచ్చినట్టు ఫోను తీసి చూసుకుంది. నాకు అర్థమైంది. నీ పాత నంబరుకు ఎన్నిసార్లు చేసినా మోగడం లేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితం అయితే కనీసం విప్పి చూస్తావని ఆశ.

మన ఆసుపత్రి లైబ్రరీ సంగతి చెబుతాను. అల్మారాలన్నీ తీసేశారు. ఒక్క పుస్తకం కూడా లేదు. ఆ గదిలో ఇప్పుడు ఆరు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నేను. అంతా ఆన్‌లైనే. పుస్తకాలే లేనప్పుడు అటెండర్ ఎందుకు అన్నవాళ్లే, ఇప్పుడు ఏ నర్సుకు పాస్‌వర్డ్ పట్టకపోయినా సుగుణమ్మ దగ్గరికి పొండి అంటున్నారు. ఎక్కడ నొక్కితే పరిశోధన కాగితం పూర్తిగా తెరుచుకుంటుందో, ఎక్కడ నొక్కితే డబ్బు కట్టమని అడుగుతుందో నాకు తెలుసు. నువ్వు నేర్పిందే. ఇంటర్ చదివినదాన్ని, నర్సులకు దారి చూపిస్తున్నానంటే నాకే నవ్వు వస్తుంది.

ఇప్పుడు ఎవరి పేరుతో వాళ్లే తెరవాలి. మన రోజుల్లో అలా ఉండేదా! ఫారం నింపాలి, ట్రైనింగ్‌లో కూర్చోవాలి, సంతకాలు పెట్టించుకోవాలి అని బద్ధకించి అందరూ నీ పేరుతోనే చదివేవాళ్లు. కంప్యూటర్ వెనక చీటీ మీద నీ పాస్‌వర్డ్ అంటించి ఉండేది. ఆర్థో వార్డు నుంచి సెలీనా, డయాలసిస్ నుంచి సెలీనా, ఆపరేషన్ థియేటర్ నుంచి కూడా సెలీనాయే. ఎవరెన్ని చదివారో చెప్పే నెలాఖరు జాబితాలో నీ పేరు పక్కన తొంభై కాగితాలు, మిగతా అందరి పక్కనా సున్నాలు. అది చూసి అప్పటి సూపరింటెండెంటమ్మ, గీమె డ్యూటీ చేస్తదా, పొద్దంత చదువుకుంటనే కూసుంటదా అని అందరి ముందూ అన్నది. నువ్వు మెట్ల మీద టిఫిన్ డబ్బా విప్పుకుంటూ, నేనొక్కదాన్నే ఇంత చదివితే ఈపాటికి డాక్టర్నయ్యేదాన్నిగా అక్కా అని విరగబడి నవ్వావు. నాకు ఆ మెట్ల మీద ఇప్పుడు అన్నం తినబుద్ధి కాదు. గదిలోనే తింటున్నాను.

సెలీనా, మన మధ్య జరిగినదాన్ని దాటేసి ఈ ఉత్తరం రాయలేను.

మంచం పట్టినవాళ్లకు ఒళ్లు తుడిచాక వీపుకూ తుంటికీ స్పిరిట్ పోసి గట్టిగా రుద్ది పౌడర్ వేయడం మన ఆసుపత్రిలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి. ఎర్రబడిన చోట ఇంకాస్త ఎక్కువ రుద్దేవాళ్లు. అలా రుద్దితే లోపల కండ దెబ్బతింటుందనీ, రుద్దడం కాదు రెండు గంటలకోసారి పక్క తిప్పాలనీ, మడమలు పరుపుకు ఆనకుండా దిండు పెట్టాలనీ చెప్పే కాగితం నీకు దొరికింది. మూడు పేజీలు. ప్రింటు తీసి పిన్ను కొట్టి ఇచ్చింది నేను. నువ్వు అన్నం తింటూ తింటూ దాన్ని వరుస వరుసగా తెలుగులో నాకు చెప్పావు. నీ వార్డులో స్పిరిట్ మాన్పించావు. పేషెంట్ల ఇళ్లవాళ్లు గొడవ చేశారు, పౌడర్ కూడ వేస్తలేరు ఇదేం దవాఖాన అని. నువ్వు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పుకున్నావు.

తర్వాత ఆ వెంకటనారాయణ గారు నీ వార్డులో చేరారు. ఇంటి నుంచి వచ్చేటప్పటికే తుంటి మీద పుండు మొదలైంది, నువ్వు రాసి పెట్టావు కూడా. అయినా పుండు పెద్దదయ్యేసరికి తప్పంతా నీ మీదికి తోశారు. విచారణలో నువ్వు ఒక్కటే అడిగావు, ఈ కాగితం నేను సొంతంగా పుట్టించింది కాదండీ, లైబ్రరీలో తీసుకున్నాను, సుగుణక్కను పిలిచి అడగండి అని. నన్ను పిలిచారు. ఇది నువ్విచ్చిందేనా అని సూపరింటెండెంటమ్మ అడిగింది. నేను నీ మొహం చూడకుండా, నాకు ఇంగ్లీషు రాదమ్మా, ఎవరేం తీసుకుంటరో నాకేం తెల్వది అన్నాను.

లైబ్రరీ మూసేసి నన్ను కాంట్రాక్టు పనికి పంపుతారని సరిగ్గా ఆ వారమే అందరూ అనుకుంటున్నారు. భయపడ్డాను. అది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను. నువ్వు రాజీనామా కాగితం ఇచ్చి, నా గది ముందు నుంచే వెళ్లిపోయావు. రెండేళ్ల నాలుగు నెలలైంది.

ఇంకొకటి నీకు తెలియదు. మా అత్తమ్మ పక్షవాతంతో పదకొండు నెలలు మంచంలో ఉంది. నాకేం తెల్వది అన్న అదే కాగితం ప్రకారం ఆమెను చూసుకున్నాను. నేను పక్క తిప్పుతుంటే, ఏందే నన్ను రొట్టె లెక్క అటిటు మర్లేస్తున్నవ్ అని కసిరేది. మా కోడలు నర్సమ్మ అయింది అని చూడవచ్చినవాళ్లకు గొప్పగా చెప్పేది కూడా. పోయిన డిసెంబరులో ప్రభువు దగ్గరికి వెళ్లింది. స్నానం చేయించిన ఆడవాళ్లు వీపంతా చూసి, ఒక్క మచ్చ లేదు, ఎవలు చూసుకున్నరమ్మా అని అడిగారు. నేనేనని చెప్పుకోబుద్ధి కాలేదు. ఆ పేరు నీది సెలీనా.

నువ్వు వెళ్లిన రోజే కంప్యూటర్ వెనక చీటీ పీకేశాను. ఆ కొత్తలో నెలాఖరు జాబితా నాకు ఉత్తరంలా ఉండేది. నీ పేరు తీసేయమని ఎవరూ చెప్పలేదు, అది అలాగే ఉండిపోయింది, అక్కడి నుంచి కూడా తెరుచుకునేది. అందులో ఎవరు ఏం చదివారో కూడా పడుతుంది. నువ్వు షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండ్ల గురించి చదివితే, సదాశివపేటలో అలాంటివాళ్లు ఎక్కువ వస్తున్నారేమో అనుకునేదాన్ని. పసిపిల్లల జ్వరాల గురించి చదివితే, రాత్రీ పగలూ ఒక్కతే చూసుకుంటోందేమో అనుకునేదాన్ని. చెల్లెలు చదువుతోంది, బాగానే ఉంది అని మోకాళ్ల మీద కూర్చుని కృతజ్ఞత చెప్పుకునేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ సూపరింటెండెంటమ్మ రిటైరైంది. ఆమె స్థానంలో ఏప్రిల్‌లో జ్యోత్స్న మేడమ్ వచ్చింది. మొన్న మంగళవారం అన్ని వార్డుల నర్సులకూ క్లాసు పెట్టి, ఇకనుంచి స్పిరిట్ రుద్దుడు బంద్ అని చెప్పింది. తెర మీద కాగితం చూపించింది. పైన ఉన్న పేరు చూసి గుర్తుపట్టాను. అదే కాగితం. నేను వెనక ప్రింట్లు పట్టుకుని నిలబడ్డాను. అందరూ వెళ్లాక మేడమ్ దగ్గరికి పోయి, మేడమ్, గీ మాట మా సెలీనా సిస్టర్ రెండేండ్ల కిందనే చెప్పింది, చెప్పినందుకే పోయింది, ఆ కాయితం ఇచ్చింది నేనే, అడిగితే తెల్వదని అబద్ధం చెప్పింది నేనే అన్నాను. చాలా ఆలస్యంగా చెప్పాను. అయినా చెప్పాను.

ఆమె జాబితా తెప్పించి చూసింది. ఉద్యోగంలో లేనివాళ్ల పేర్లు ఈ నెలాఖరుకు ఎలాగూ కొట్టేయాలి. నీ పేరు దగ్గర ఆగిపోయింది. ఉద్యోగం వదిలేసి పోయినావిడ పేరు మీద ఇప్పటికీ నెలనెలా కాగితాలు తెరిచి ఉన్నాయే అని ఆశ్చర్యపోయింది. ఇలాంటి మనిషినే నేను వెతుకుతున్నాను సుగుణమ్మా, పుండ్లు చూసుకోవడానికీ నర్సులకు నేర్పడానికీ ఒక సిస్టర్ కావాలి, ఆమెను ఒకసారి వచ్చి కలవమనండి అంది.

వస్తావా చెల్లీ? సదాశివపేటలో బస్సెక్కితే మియాపూర్‌లో దిగొచ్చు. నేను వచ్చి నిలబడతాను. నాతో మాట్లాడకపోయినా సరే, ఆటోలో పక్కన కూర్చుని ఆసుపత్రి దాకా వస్తాను. నువ్వు లోపలికి వెళ్లి మాట్లాడుకుని రా. నన్ను క్షమించమని ప్రతిరోజూ ప్రభువును అడుగుతున్నాను. నిన్ను అడగడం ఇదే మొదటిసారి.

మరిది గారికి వందనాలు, పిల్లలకు ముద్దులు.

నీ మంచి కోరుకునే,
మీ అక్క
సుగుణ.

తా.క.: సోమవారం మధ్యాహ్నం. శనివారమే కవరు అంటించాను. నిన్న ఆరాధనలో కూర్చుంటే నోట పాట రాలేదు. అందుకే కవరు చించి ఇది రాస్తున్నాను.

పైన అంతా చదివి, నేనెప్పుడు చదివాను అని నువ్వు అనుకుని ఉంటావు. నిజమే. నువ్వు 2023 క్రిస్మస్ తర్వాత ఒక్కసారి కూడా తెరవలేదు. జనవరిలో నీ పేరు పక్కన సున్నా, ఫిబ్రవరిలో సున్నా. వరుసగా ఆరు నెలలు సున్నా వస్తే పేరు దానంతట అదే పోతుంది. ఐదు నెలలు ఆగాను. జూన్ నెలలో నీ పాస్‌వర్డ్‌తో నేనే తెరిచాను. అప్పటినుంచి ప్రతి నెలా నేనే. నువ్వైతే ఏం చదువుతావా అని ఆలోచించి ఆ కాగితాలే తెరిచాను. ఫోనులో తెలుగు చేసుకుని, అర్థం కానివి కావ్యను అడిగి చదివాను. మింగలేనివాళ్లకు అన్నం ఎలా పెట్టాలో అత్తమ్మ కోసం అలాగే నేర్చుకున్నాను. మేడమ్ ఆశ్చర్యపడింది నీ చదువు చూసి కాదు, నా దొంగచదువు చూసి.

ఒకసారి నోరు మూసుకుని నీకు అన్యాయం చేశాను. మళ్లీ నోరు మూసుకుని నీకు ఉద్యోగం ఇప్పిస్తే అది కూడా అబద్ధమే కదా. పొద్దున్నే వెళ్లి మేడమ్‌కు చెప్పేశాను. ఇంకొకరి పేరుతో చదవడం తప్పని మీకే తెలియదా, అందరికీ చెప్పేది మీరే కదా అంది. రాసి ఇవ్వమంది. ఇచ్చాను. ఏం చేస్తారో తెలియదు. సెలీనాను వచ్చి కలవమన్న మాట ఇంకా ఉన్నట్టేనా మేడమ్ అని అడిగాను. రానివ్వండి, ఆమె చదివిందో లేదో ఆమెనే అడుగుతాను అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు, నేనూ నీకు ఎక్కువ చేసి రాయడం లేదు.

నీ పేరు జాబితాలోంచి నాతోనే కొట్టేయించింది. ఇన్నాళ్లూ నీ పేరు పక్కన అంకె నేనే వేసుకుని, దాన్నే చూసుకుని, చెల్లెలు బాగుందని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు చదవడం ఎందుకు మానేశావో, ఒంట్లో బాగుండకో, తీరిక లేకో, ఆ తెర మీద మన ఆసుపత్రి పేరు చూడలేకో, నాకు తెలియదు. ఇక తెలుసుకోవడానికి నా దగ్గర ఏ జాబితా లేదు. నువ్వు రాయాలి సెలీనా. తిట్టి రాసినా సరే.