థియేటర్ గదిలో ఉండిపోయిన పిలుపు

ఆదోని నల్లరేగడి డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ గారి సముఖమునకు, ఎమ్మిగనూరు నివాసి, ఆటోలో మైకు పెట్టుకొని ఊరూరా చాటింపు వేసే తిరుపాల్ రాసుకున్న అర్జీ.

విషయం: ఎత్తేసిన "థియేటర్, మీడియా కమ్యూనికేషన్స్" డిగ్రీ కోర్సు తాలూకు గది తాళం తీయించి, కంప్యూటర్లలో ఉన్నదంతా తుడిపేయక ముందు, వాటిలో రికార్డయి ఉన్న నా భార్య పిలుపును ఒక్కసారి వినిపించుట గురించి.

అయ్యా,

ఇందుమూలంగా తమకు, తమ సిబ్బందికి, గేటు దగ్గర పడుకునే కుక్కకు సహా తెలియజేయునది ఏమనగా: ఈ అర్జీదారు నేడు మీసానికి రంగు వేయలేదు. చొక్కా ఇస్త్రీ చేయించాడు. మైకు ఇంట్లో పెట్టి బస్సులో వచ్చాడు. కావున ఇది తమాషా కాదని గ్రహించ ప్రార్థన.

ఇంత ప్రకటన ఎందుకంటే, మీ గుమాస్తా హరికృష్ణ గారు నన్ను చూడగానే నవ్వుతారు. "ఏం తిరుపాలన్నా, ఈసారి ఏం నాటకం?" అంటారు. ఆయన తప్పు లేదు. మీరు ఆ నాటకాల కోర్సు పెట్టిన ఏడాది "ఏడ్వడం నేర్చుకుంటే డిగ్రీ, బాగా ఏడిస్తే ఫస్ట్ క్లాసు" అని ఆదోని బస్టాండు చుట్టూ మైకులో చాటింది నేనే. విన్నవాళ్ళంతా నవ్వారు. ఒకతె మాత్రం వెళ్ళి చేరింది. నా కూతురు భారతి.

ఇక నా బాధలు వరుసగా మనవి చేసుకుంటాను.

1. సదరు కోర్సుకు పిల్లలు చాలలేదని తమరు ఎత్తేశారు. అభ్యంతరం లేదు. భారతిని హిస్టరీలోకి మార్చారు. పోయిన రాజుల గురించి చదువుకుంటోంది, దానికీ అభ్యంతరం లేదు. పాఠం చెప్పిన వీణ మేడం వేరే ఊరు వెళ్ళిపోయారు. గదికి తాళం పడింది. నా అభ్యంతరం ఆ తాళం ఒక్కదాని గురించే.

2. మొదటి ఏడు వీణ మేడం పిల్లలకు ఒక అభ్యాసం పెట్టారట. వేదిక మీద లేని మనిషిని పిలవాలి. చూసేవాళ్ళకు ఆ మనిషి వస్తున్నట్టే కనబడాలి. పిల్లలు ఎంత గొంతు చించుకున్నా ఎవరూ కనబడలేదట. ఆ పూటే నా భార్య అంజనమ్మ, కూతురు సద్ది మరిచిపోయిందని క్యారియర్ పట్టుకొని ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. మేడం ఆమెనే వేదిక ఎక్కించారు.

"లేనోన్ని పిలిచేదేందమ్మా, పిచ్చిదాని మాదిరి?" అనిందట.

"మీ ఇంటాయన్ని పిలవండమ్మా," అన్నారట మేడం.

"ఆయప్ప యాడుంటాడో ఆయప్పకే తెలీదు," అని అందరినీ నవ్వించి, క్యారియర్ కింద పెట్టి, కొంగు సర్దుకొని, పిలిచిందట. దాన్ని రికార్డు చేశారు. భారతి దగ్గర కాపీ లేదు. అప్పుడు అమ్మ ఉంది, కాపీ దేనికి అనుకుంది.

3. ఇక్కడ తమరు గమనించవలసినది ఒకటుంది. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. అంజనమ్మ మగ్గం మీద కూర్చొని, ఆ చప్పుడు మీద నుంచి వీధి చివర ఉన్న నన్ను "ఓ మైకప్పా" అని పిలిచేది. ఆసుపత్రిలో భర్త పేరు అడిగితే కూతుర్ని గిల్లేది, అది చెప్పేది. ఆమె నోట నా పేరు పలికించాలని నేను పడని పాట్లు లేవు. ఒకసారి బస్సు కదిలే వేళకు బస్టాండులో స్తంభం వెనక దాక్కున్నాను. ఇక పేరు పెట్టి పిలవక ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఆమె డ్రైవరుతో, "మా మనిషి ఆ స్తంభం ఎనక దాంకోనుండాడు, గట్టిగా హారన్ కొట్టప్పా, సిగ్గొచ్చి వస్తాడు," అనింది. వచ్చాను.

అట్లాంటి మనిషి మీ వేదిక మీద "తిరుపాలూ" అని పేరు పెట్టి పిలిచింది. భారతే నాతో చెప్పింది.

4. పోయిన చలికాలం అంజనమ్మ మగ్గం మీదనే గుండె ఆగి పోయింది. ఆ వేళకు నేను కౌతాళంలో చీరల తగ్గింపు అమ్మకం గురించి చాటుతున్నాను. నా మైకు మోతలో నా ఫోనే నాకు వినబడలేదు. ఆఖరున నన్ను పిలిచిందో లేదో, పిలిస్తే ఏమని పిలిచిందో చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. నాకు ఇంతవరకు ఏడుపు రాలేదు. ఏడ్పుకు డిగ్రీ అని ఊరంతా నవ్వించినవాడికి ఈ శాస్తి న్యాయమేనని తమకు తోచవచ్చు. నాకూ తోచింది.

5. వచ్చే సోమవారం ఆ కంప్యూటర్లను తుడిపేసి కామర్సు వాళ్ళకు ఇస్తున్నారని అటెండరు జయన్న చెప్పాడు. హరికృష్ణ గారి దగ్గరికి పరుగెత్తాను. "పిలుపనేది స్టాకులో ల్యాదన్నా. కుర్చీలుండాయి, కర్టెనుంది, కావల్లంటే సూడు," అన్నారు. ఆయన హాస్యం నా హాస్యం కంటే బాగుంది. నవ్వలేకపోయాను.

కావున తాళం తీయించండి. నేను దేన్నీ ముట్టుకోను. బెంచీ మీద చేతులు కట్టుకొని కూర్చుంటాను. కాపీ ఇస్తే మీ పుణ్యం, ఇవ్వకపోతే ఒక్కసారి వినిపించండి. లేని మనిషిని పిలిచే ఆ పరీక్ష ఇప్పుడు నాకు పెట్టినా సరే, ఫెయిల్ కాను. రోజూ అదే చదువుతున్నాను.

ఇది చిత్తగించి, సోమవారం రాక ముందే తాళంచెవి వెతికించవలెను.

తమ విధేయుడు,
మైకు లేకుండా వచ్చిన తిరుపాల్

తా.క.: మూడో అంశంలో పేరు పెట్టి పిలిచిందని రాశాను. అది పూర్తిగా నా కల్పన. భారతి అట్లా చెప్పలేదు. "అమ్మ నిన్ను పిలిచింది నాయనా" అనింది, అంతే. ఏమని పిలిచిందే అని అడిగితే అమ్మ మగ్గం మీది దుమ్ము తుడవడానికి లేస్తుంది. "ఓ మైకప్పా" అనే పిలిచి ఉంటుంది. తాళం తీయడానికి తమకు అది చాలదేమోనని పేరు కలిపాను. నాకు చాలును. అట్లా పిలిచినా పలుకుతాను.